మల్లెకు నీళ్లు ఆపిన ఏడాది

మల్లె ఎండ మొక్క. ఈ మాట ఎంతమందికి చెప్పినా చెవికెక్కదు. నీడన పెట్టుకుని, పొద్దునా సాయంత్రం బకెట్లకు బకెట్లు గుమ్మరించి, ఆకు బాగానే వస్తోంది గానీ పువ్వే లేదని నా దగ్గరికి వచ్చి మొర పెట్టుకుంటారు. నాకు ఒళ్లు మండుతుంది. బంతి, కనకాంబరం, గన్నేరు, కాగితంపూలు అన్నీ ఎండను కోరేవే, కానీ మల్లెది మరీ మొండి జాతి. చలికాలంలో దానికి నీళ్లు మాన్పించాలి, ఆకు దులపాలి, వేరుకు ఎండ చూపించాలి. అప్పుడుగానీ ఎండాకాలం మొగ్గ తొడగదు. ముద్దు చేస్తే ఆకే మిగులుతుంది.

ఇది నేను పుస్తకాల్లో చదివింది కాదు. మానుకోట దగ్గర మా తల్లిగారి ఊళ్లో, మోటబావి పక్క చెలకలో మా బాపు మల్లె పెట్టాడు. ఎండాకాలమంతా మొగ్గ తెంపి, తడిగుడ్డ కప్పిన బుట్టల్లో పాసింజరు రైలుకు ఎత్తేవాళ్లం. చలి ముదిరే నాటికి బాపు ఆ మడులకు కాలువ కట్టేసేవాడు. కొన్నాళ్లు ఎండబెట్టాక మేకల మందను తోటలోకి తోలించేవాడు. అవి ఆకంతా మేసి పుల్లలు మిగిల్చేవి. తెలియనివాళ్లు చూస్తే తోట చచ్చిందనే అనుకుంటారు. ఆ తర్వాత మొదళ్ల చుట్టూ మట్టి తీసి, వేర్లను ఎండకు ఆరబెట్టి, శివరాత్రికి అటూ ఇటుగా గొర్రెపెంట వేసి నీళ్లు వదిలేవాడు. ఇక చూడాలి, పుల్ల పుల్లకూ చిగురు, చిగురు చిగురుకూ మొగ్గలు. మాకది వింత కాదు, ఏటా చేసే పని.

అరవై ఎనిమిది ఎండాకాలంలో నాకు పెళ్లయి జనగామ వచ్చాను. మా ఆయన బడిపంతులు. మామ అప్పటికే లేడు. ఇంట్లో మా అత్త, ఆయన, నేను. రైలుకట్టకు దగ్గరగా పెంకుటిల్లు, వెనక పెరడు, పెరట్లో చేదబావి, ఆ బావి పక్కనే మల్లెపొద. అంత పెద్ద పొదను, అంత ముదురు ఆకుపచ్చను నేను మా తోటలో కూడా చూడలేదు. దాని పాదు ఎప్పుడూ బురదగానే ఉండేది. అత్త పొద్దున్నే లేచి, ముఖమైనా కడగకముందే బావిలో బొక్కెన వేసి మొదట ఆ చెట్టుకు పోసేది. తర్వాతే మనుషులకు. జనగామలో నీళ్లకు ఎప్పుడూ కటకటే. బావి అడుగంటిన రోజుల్లో బియ్యం కడిగిన నీళ్లు కూడా దాచుకునేవాళ్లం, చెట్టు వంతు మాత్రం తగ్గేది కాదు. ఇంత చేస్తే, నేను కాలుపెట్టిన ఆ ఎండాకాలం అది ఇచ్చిన పూలు మూరెడు దండకు కూడా రాలేదు.

ఆ చెట్టు నాటింది మా ఆడబిడ్డ. నేను ఆ ఇంటికి రావడానికి కొన్నేళ్ల ముందే, బడికి పోయే వయసులో చనిపోయింది. ఎవరింట్లోనో అడిగి కొమ్మ తెచ్చి గుచ్చిందట, అది ఒక్క పువ్వు పూయడం చూడకుండానే పోయింది. గత్తర అన్నారు. వాంతులు, బేదులు పట్టుకుని ఒక్క రోజులో అయిపోయిందట. అంతకుమించి ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. ఇంత పొద పూయకపోవడమేమిటని నేనొకసారి అడిగితే, అత్త నా వైపు చూడకుండానే జవాబు చెప్పింది.

"నా బిడ్డకు నా మీద కోపం. ఎట్ల పూస్తది?"

ఏం కోపమని ఆయన్ను అడిగాను. అడగొద్దన్నాడు. మా ఆయనకు ఇంట్లో నోట్లో నాలుక ఉండేది కాదు. నాకేమో కడుపులో మాట దాగదు. కోపం లేదు, పాడూ లేదు, నీళ్లు ఎక్కువై పూయడం లేదు అని నాకు స్పష్టంగా తెలుసు. ఒకరోజు పప్పు రుబ్బుతూ ఉండబట్టలేక చెప్పేశాను. చలికాలం నీళ్లు ఆపుదాం అత్తమ్మా, ఆకు దూద్దాం, మా బాపు ఇట్లాగే చేస్తాడు అని మొత్తం వివరించాను. ఆమె చేతిలో పని ఆగిపోయింది. చెట్టుకు నోరు లేదనే కదా ఆ మాట అంటున్నావు అంది. తన కళ్ల ముందు ఆ చెట్టుకు నీళ్లు ఆపిన మనిషి ఆ ఇంట్లో ఉండదని కూడా అంది. నేను నోరు మూసుకున్నాను. మూసుకున్నానే గానీ ఒప్పుకోలేదు.

మా అత్త చెడ్డ మనిషి కాదు. నన్ను ఒక్క మాట తూలింది లేదు. ఇంటికి ఎవరు వచ్చినా, చుట్టమైనా కట్టెలమ్మే మనిషైనా, మొదట చెంబుడు నీళ్లు చేతిలో పెట్టి, తాగేదాకా ఎదురుగా నిలబడేది. దాహం లేదంటే వినేది కాదు. ఆయన బడి నుంచి వస్తే అంతే, నేను బావి దగ్గర్నుంచి వస్తే అంతే. అది ఆమె మర్యాద కాబోలు అనుకున్నాను. కానీ ఆమె రోజూ ఆ పొద ముందు నిలబడి, ఆకుల మధ్య వేళ్లు పెట్టి మొగ్గ కోసం వెతుక్కోవడం నేను చూడలేకపోయేదాన్ని. అది పూస్తే చాలు, ఆ కోపం భ్రమ వదిలిపోతుంది, మనిషి కుదుటపడుతుంది. నా ఆలోచనంతా ఇదే.

ఆ చలికాలంలో జఫర్‌గఢ్‌లో ఉన్న ఆమె అక్క గడపలో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. చూసుకునే దిక్కు లేదు. అత్త మూట కట్టుకుని బయల్దేరింది. శివరాత్రి దాటాకే వస్తానంది. బండెక్కుతూ కూడా చెట్టుకు నీళ్లు మరువకు అనే చెప్పింది. నేను ఊఁ అన్నాను. అత్తలేని కోడలు ఉత్తమురాలని ఊరికే అనలేదు. మర్నాటి నుంచే నీళ్లు బందు పెట్టాను.

ఆయన చూశాడు. అమ్మకు తెలిస్తే బాగుండదు అన్నాడు. అమ్మ వచ్చేసరికి చిగురు పెట్టి ఉంటుంది, చూసి మురిసిపోతుంది అన్నాను. నీ ఇష్టం అని బయటికి పోయాడు. అప్పటికే ఊళ్లో గొడవ మొదలైంది. పిల్లలు బడులు మానేసి రోడ్ల మీదికి వచ్చారు. ఎక్కడ చూసినా తెలంగాణ మాటే. బడికి తాళం పడ్డాక మా ఆయన పొద్దస్తమానం స్టేషన్ దగ్గరే ఉండేవాడు. ఇంట్లో మూగవాడు, ఊరేగింపులో మాత్రం గొంతు చించుకునేవాడట. ఒకరోజు దుకాణాలు బందు, ఒకరోజు బస్సులు బందు. రైలు వచ్చిందంటే వచ్చినట్టు, లేదంటే లేదు. నలుగురు ఒకచోట నిలబడొద్దని చాటింపు వేశారు. వీధిలో పరుగుల చప్పుడు వినబడితే నేను తలుపు గడియ పెట్టుకుని పెరట్లో కూర్చునేదాన్ని.

చెట్టు నేను అనుకున్నట్టే దారికొచ్చింది. ఆకు వాడింది, పసుపు తిరిగింది. ఇక మేకను పెట్టాలి. చేత్తో దూస్తే కణుపులు గాయపడతాయి, మేక అయితే ఆకు వరకే కొరికి వదులుతుందని మా బాపు అనేవాడు. పక్కింటి అవ్వకు ఒక మేక ఉండేది. అడిగితే, నీకేమన్నా పిచ్చా, మీ అత్త చూస్తే నన్నూ మేకనూ కలిపి కోస్తదంది. జఫర్‌గఢ్‌లో ఉన్న మనిషి ఎలా చూస్తుందని నేనే తాడు పట్టుకుని లాక్కొచ్చాను.

జనగామలో గోల జరుగుతోందని, పంతుళ్లను కూడా పట్టుకుపోతున్నారని జఫర్‌గఢ్ దాకా కబురు పోయిందట. కొడుకు మీద బెంగతో మా అత్త ఆగలేకపోయింది. బస్సు లేదు. ఎవరిదో ఎడ్లబండి అడుక్కుని, కొంత దూరం నడిచి, మిట్టమధ్యాహ్నం వాకిట్లోకి వచ్చింది. అన్నానికి వచ్చిన కొడుకు ముందు గదిలో క్షేమంగా కనబడేసరికి ప్రాణం కుదుటపడి, కాళ్లు కడుక్కుందామని నేరుగా పెరట్లోకి వచ్చింది. మేక ముందరి కాళ్లు పొదమీదికి ఎత్తి పై కొమ్మ అందుకుంటోంది. తాడు నా చేతిలో ఉంది.

ఆమె అరుస్తుందనుకున్నాను. అరవలేదు. చేతిలో మూట కింద పడేసి, ఆ వయసులో ఉరికొచ్చి, మేక మెడ పట్టి వెనక్కి లాగింది. అది బెదిరి నన్ను ఈడ్చుకుంటూ బావి చుట్టూ తిరిగింది. తర్వాత ఆమె చెట్టును చూసింది. ఆకు లేదు. బూడిదరంగు పుల్లలు, నెర్రెలు విచ్చిన పాదు. వంగి ఆ మట్టిని చేత్తో తాకింది. తల ఎత్తి నన్ను చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. కోపమైతే నేనూ కోపంతోనే నిలబడేదాన్ని. అది భయం.

బావిలో బొక్కెన వేసింది. నీళ్లు తోడి పాదు వైపు తిరిగింది. నేను మేకను వదిలేసి ఆ బొక్కెన పట్టుకున్నాను. ఇప్పుడు పోస్తే ఇన్నాళ్లు ఎండబెట్టిందంతా వృథా అత్తమ్మా, ఆకే వస్తుంది, మొగ్గ రాదు, ఇంకొన్నాళ్లు ఆగాలి అని బతిమాలాను. ఆమె లాగింది. నేను వదల్లేదు. ఇద్దరం ఒకే బొక్కెనను పట్టుకుని, అత్తాకోడళ్లం, పెనుగులాడాం. నీళ్లన్నీ మా కాళ్ల మీదే ఒలికిపోయాయి. ఆయన గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. అమ్మను ఆపలేదు, నన్నూ ఆపలేదు. నాకు అత్త మీద కంటే ఆయన మీదే ఎక్కువ మండింది.

"ఇది ఎండిందా, నువ్వు మీ తల్లిగారింటికి పో. మళ్ల రాకు," అంది అత్త, మెల్లగా.

ఆ మాట మెల్లగా అనడమే నన్ను హడలగొట్టింది. కొత్త కోడలిని. రైళ్లు నడవని రోజులు. ఏ ముఖం పెట్టుకుని మానుకోట పోతాను? పోయి ఏం చెప్పను, చెట్టు ఎండబెట్టానని వెళ్లగొట్టారనా? మల్లె పెంచే వాళ్ల బిడ్డను నేను. ఊరంతా నవ్విపోతుంది. ఆమె అంతటితో లోపలికి పోయింది. ఆ పూట నేను వండిన అన్నం ముట్టలేదు. మర్నాడు తనకు తనే జావ కాచుకుంది. చెట్టుకు మాత్రం ఎందుకో మళ్లీ నీళ్లు తోడలేదు. బావిగట్టు మీద కూర్చుని ఆ పుల్లల్నే చూస్తూ ఉండిపోయింది. నేను అటు పోతే లేచి ఇటు వచ్చేది.

మేకను అప్పగించడానికి పోయినప్పుడు పక్కింటి అవ్వ నన్ను లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. మేము బొక్కెన గుంజుకున్నదంతా గోడ మీది నుంచి చూసిందట. నీకు తెలియక చేసినవు గానీ, తెలిస్తే చేసేదానివి కాదు అంది. ఆ పిల్ల పోయిన రోజు సంగతి ఆమె నోటి నుంచే మొదటిసారి విన్నాను. వాంతులు, బేదులు ఆగడం లేదట. లంఖణం పరమౌషధమని పెద్దవాళ్లు పచ్చి మంచినీళ్లు కూడా వద్దన్నారట. దవాఖానకు తీసుకుపోవడానికి బండి కోసం మామ ఊరంతా తిరుగుతున్నాడట.

"అమ్మా, ఒక్క గుటక అని అడిగింది పిల్ల. తాగిస్తే ఇంకా కక్కుతదని మేమందరం వద్దన్నం. నేనూ అన్న," అంది అవ్వ. "మీ అత్త కుండమీద మూత పెట్టి, దానికి అడ్డం కూసున్నది. పిల్ల అడుగుకుంటనే పోయింది."

లేచి ఇంటికి వచ్చాను. ఇంటికి వచ్చినవాళ్ల చేతిలో చెంబు పెట్టి తాగేదాకా నిలబడే మనిషి, ముఖం కడగకముందే చెట్టుకు నీళ్లు పోసే మనిషి, అంతా ఒక్కసారిగా అర్థమైంది. ఆయన మీద చెప్పలేనంత కోపం వచ్చింది. ఈ ఒక్క ముక్క నా చెవిన వేసి ఉంటే నేను ఆ చెట్టు జోలికి పోయేదాన్నా? అడిగితే, అది నోట రాదు, నీకు తెలియదు అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

నేను బావిలోంచి చెంబెడు నీళ్లు తోడి అత్త దగ్గరికి పోయాను. పోయండి అత్తమ్మా, పూయకపోతే పీడాపోయె, పోయండి అన్నాను. ఏడుపు ఆగలేదు నాకు. ఆమె చెంబు తీసుకుంది. పక్కింటి వైపు ఒకసారి చూసింది. నాకు తెలిసిపోయిందని ఆమెకూ తెలిసిపోయింది. చెంబు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఇప్పుడు పోస్తే పూయదంటివి గద?"

పూయదు అన్నాను.

"ఆగితే పూస్తదా?"

పూస్తుంది అన్నాను. నోటితో అన్నానే గానీ, లోపల నాకే నమ్మకం లేదు. మా తోట చెట్లు ఏటా ఆ ఎండకు, ఆ దాహానికి అలవాటు పడ్డవి. ఇది పుట్టి బుద్ధెరిగాక ఒక్క పూట నీళ్లు తప్పని చెట్టు. దాని వేరు ఎంత లోతు పోయిందో నాకేం తెలుసు? తడి పైనే ఉంటే వేరు లోపలికి ఎందుకు పోతుంది? ఈ ఆలోచన మొదలుపెట్టే ముందు రావాల్సింది. మిడిమిడి జ్ఞానం అంటే ఇదే.

అత్త లేచి ఆ చెంబులోని నీళ్లు తిరిగి బావిలోనే పోసింది. ఆగుదాం అంది. ఆ రోజు నుంచి నేను చెప్పిన ప్రతి పనీ ఆమె చేసింది. గునపం తెచ్చి ఇద్దరం మొదలు చుట్టూ మట్టి తీశాం. వేరు తెగకుండా ఆమె చేతి వేళ్లతోనే మట్టి తోడింది. సన్న పుల్లలు కత్తిరించాం. ఆ వేర్లు తెల్లగా ఎండలో బయటపడి ఉంటే ఆమె తల తిప్పుకుని పని చేసింది. ఇంకొక పని కూడా చేసింది, అది నేను చెప్పింది కాదు. చెట్టుకు నీళ్లు లేనన్నాళ్లూ తనూ పొద్దు ఉన్నంతసేపు నీళ్లు ముట్టలేదు. దీపాలు పెట్టాకే తాగేది. పెదవులు పగిలిపోయాయి. నేను తిట్టాను, కాళ్లు పట్టుకున్నాను. ఆయనతో చెప్పించాను, ఆ నోరులేని మనిషి చెప్తే ఎంత, చెప్పకపోతే ఎంత. ఆమె వినలేదు. నేను చెట్టును చూడాలా, ఆమెను చూడాలా, ముందు నుయ్యి వెనక గొయ్యి అయింది నా బతుకు.

శివరాత్రి వెళ్లాక పెంట తెచ్చి పాదు నింపాం. ఆ పొద్దున ఆమె తలంటుకుని వచ్చి తన చేతులతోనే బొక్కెనలకు బొక్కెనలు తోడి పోసింది. నెర్రెల్లో నీళ్లు గుటగుట దిగుతుంటే ఆ చప్పుడు వింటూ నిలబడింది. అన్నాళ్ల తర్వాత పగలు ఆమె నీళ్లు తాగడం చూశాను.

నీళ్లు పెట్టినంత మాత్రాన చెట్టు లేస్తుందా? మా తోటలో అయితే వారం తిరిగేసరికి కణుపులు ఉబ్బేవి. ఇక్కడ ఏమీ లేదు. అవే బూడిద పుల్లలు. నేను అత్త చూడకుండా గోటితో బెరడు గీరి చూసేదాన్ని. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టు. మొదట గీరిన కొమ్మ లోపల గోధుమరంగు. ఇంకో కొమ్మ, అదీ అంతే. మూడోది గీరబోతుంటే వెనక అత్త నిలబడి ఉంది. ఏం చూస్తున్నావని అడిగింది. అబద్ధం చెప్పడం నాకు రాదు. రెండు కొమ్మలు పోయాయి, మిగతావి తెలియదు అన్నాను. ఆమె, నా పెట్టె మాత్రం సర్దుకోవద్దని, ఎండినా నన్ను ఎక్కడికీ పంపనని చెప్పింది. ఆ మాటకు నేను సంతోషపడాలి కదా, పడలేకపోయాను. పంపేస్తానన్నప్పుడు నా గురించే భయం. ఇప్పుడు ఆమె గురించి. ఇది చస్తే ఆమె ఏమవుతుంది?

ఊళ్లో గొడవ ఇంకా ముదిరింది. ఒకరోజు లాఠీలు లేచాయి, ఆయన అంగీ చిరిగి, మోచేయి దోక్కుపోయి ఇంటికి వచ్చాడు. అత్త ఏమైందని అడగలేదు. చెంబు నిండా నీళ్లు తెచ్చి ఆయన నోటికి తనే పట్టుకుంది. ఆయన ఆపితే ఇంకా తాగు అంది. ఆ తర్వాత ఆమె రోజు రెండు చోట్ల గడిచేది, పొద్దున చెట్టు దగ్గర, ఆయన బయటికి పోయాక వీధి గుమ్మంలో.

చివరికి ఒక చిగురు వచ్చింది. కొమ్మకు కాదు, నేలకు ఆనుకుని, చెట్టు మొదలు నుంచే. తర్వాత పక్క కొమ్మకు ఒకటి. ఎండలు పెరుగుతున్న కొద్దీ అవి పుంజుకున్నాయి. ఆకు చిన్నది, లేత పచ్చ, మునుపటి నలుపు లేదు. సగం పొద పోయింది, సగం బతికింది. అయితే ఆకు వచ్చింది గానీ మొగ్గ లేదు. ఉగాది పోయింది. నేను రోజూ చిగురు కొసలు వేళ్లతో విప్పి చూస్తున్నాను. అత్త అడగడం మానేసింది. అడగకపోవడమే నాకు ఎక్కువ బాధ. ఏ మొహంతో చెప్పాను పూస్తుందని? సగం చెట్టును చంపి, మిగతా సగంతో మళ్లీ ఆకులే పెట్టిస్తే, బిడ్డ కోపం తీరలేదని కదా ఆమె అనుకునేది?

వడగాలి మొదలయ్యాక, ఒక పొద్దున నీళ్లు పోస్తూ చూశాను. చిగురు కొసన, ఆకుల నడుమ, బియ్యపుగింజ కంటే చిన్నది. పక్కన ఇంకోటి. పక్క కొమ్మకు చూస్తే అక్కడా. నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే రాలిపోతాయేమోనని భయం. ఎండ మండిపోతుంటే జనమంతా అబ్బా అంటున్నారు, నేను ఇంకా కాయాలి, ఇంకా కాయాలి అని మొక్కుకుంటున్నాను. మొగ్గ లావెక్కింది, తెల్లబడింది. అప్పుడిక దాచినా దాగదు.

పూసిన సాయంత్రం అత్త వీధి గుమ్మంలో కొడుకు కోసం చూస్తోంది. నేను చేయి పట్టుకుని పెరట్లోకి లాక్కొచ్చాను. బతికిన ఆ సగం పొదకే, అన్నేళ్లలో ఎన్నడూ పూయనన్ని పూలు. బావి దగ్గరంతా వాసన. పక్కింటి అవ్వ గోడమీది నుంచి చూసి నోరు నొక్కుకుంది. నేను ఆనందం పట్టలేకపోయాను. కోపం లేదత్తమ్మా, చూడండి, కోపం ఉంటే ఇన్ని పూస్తుందా అన్నాను. దండ కట్టడానికి నారతో సహా బుట్ట తెచ్చుకున్నాను.

ఆమె దగ్గరికి పోయి ఒక పువ్వును వేలితో తాకింది. తెంపలేదు. ఆమె ముఖంలో నేను ఎదురుచూసింది ఏదీ లేదు. బావిగట్టు మీద కూర్చుని, పూల వైపే చూస్తూ మాట్లాడింది.

"దీనికి నీళ్లు ఆపితే పూసింది. దానికి ఆపితే పాయె."

బుట్ట కింద పెట్టి ఆమె పక్కన కూర్చున్నాను. ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు పోయాలో మా బాపుకు ఎలా తెలిసిందని అడిగింది. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. నేనూ నిజమే చెప్పాను. మొదట ఆయనకూ తెలియదని, ఎవరో చెప్పింది విని ఎక్కువ ఎండబెట్టి తోటకు తోట పోగొట్టుకున్నాడని, అలా పోగొట్టుకునే నేర్చుకున్నాడని చెప్పాను. తెలియక చేసింది తప్పు కాదని ఆమెకు అనిపిస్తే చాలనుకుని, ఆ మాట కాస్త గట్టిగానే చెప్పాను.

ఆమె విని తల ఊపింది.

"చెట్లు గద బిడ్డా," అంది. "మళ్ల పెట్టుకున్నడు."